విశ్రాంతి ఎవరి సొత్తు? – సికింద్రాబాదు వృద్ధుల ఉదయపు నడక వెనుక చరిత్ర

తెల్లవారుజామున అయిదున్నరకు సికింద్రాబాదులో ఏ మైదానానికి వెళ్ళినా ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. మఫ్లర్లు చుట్టుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని, కొందరు చేతికర్రలతో, గుంపులు గుంపులుగా నడిచే ముసలివాళ్ళు. నడక అయ్యాక గుండ్రంగా నిలబడి చేతులు పైకెత్తి బిగ్గరగా నవ్వుతారు. ఆ తర్వాత టీ, ఆ తర్వాత పెన్షను కబుర్లు. పదిహేనేళ్ళుగా నేనూ ఆ గుంపులో ఒకణ్ణి.

ఈ నడకను గురించి పత్రికల్లో చాలా రాస్తున్నారు. రక్తపోటు, చక్కెర, మోకాళ్ళు, నిద్ర – అన్నీ ఆరోగ్య విషయాలే. నేను దీన్ని చరిత్ర విషయంగా చూడదలచాను. డెబ్భై ఏళ్ళ మనిషి ఉదయంపూట గంటసేపు ఏ పనీ లేకుండా నడవగలుగుతున్నాడంటే, ఆ గంటను అతనికి ఎవరో సంపాదించి పెట్టి ఉండాలి. అది ఎవరు సంపాదించారు? ఎవరికి దక్కింది? ఎవరికి దక్కలేదు?

ఈ ప్రశ్నలు నాకు సొంతంగా తట్టినవి కావు. మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఒకామె అడిగిన మాటనుంచి పుట్టాయి. మూడేళ్ళ క్రితం మా నడక బృందంలో ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారని, కొత్తవాళ్ళను చేర్చాలని తీర్మానించుకున్నాం. ఆ ఉత్సాహంలో నేను ఆమెను కూడా పిలిచాను. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. బుట్ట దించి, నా బూట్లకేసి చూసి నవ్వింది.

"నడవనీకె నాకు మైదానమెందుకు సారూ? పొద్దుగాల మూడింటికి లేస్త. మోండాకు పోయి మాల్ ఎత్తుకుంట. నెత్తిమీద బుట్టతోని నాలుగు బస్తీలు తిరుగుత. మీరు నడిచి పాణం బాగు చేసుకుంటున్నరు. నేను నడిచి పాణం అరగదీసుకుంటున్న. కూసునే జాగ ఏడనన్న ఉంటే చెప్పున్రి, అస్త."

ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. జవాబు వెతుక్కుంటూ పోతే సికింద్రాబాదు చరిత్ర ఎదురయింది.

దండులో ముసలివాడు

ఈ ఊరు పుట్టిందే దండు కోసం. 1798 సైన్య సహకార సంధి ప్రకారం నిజాం ఖర్చుమీద ఈస్టిండియా కంపెనీ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండు ప్రాంతానికి మూడో నిజాం సికందర్ జా పేరు వచ్చింది. దండుకు కావలసింది బలమైన శరీరం. మరి ఆ శరీరం వడలిపోయాక? కంపెనీ పాలకులు ఈ ప్రశ్నకు చెప్పుకున్న తొలి జవాబుల్లో ఒకటి 1770లో ఏర్పడిన క్లైవు నిధి. పనికి రాకుండా పోయిన సైనికులకూ, వాళ్ళ వితంతువులకూ సాయం చేసే నిధి అది. దాని మూలధనం మీర్ జాఫర్ క్లైవుకు వదిలిపోయిన అయిదు లక్షల రూపాయలు. బెంగాలు రైతును పిండిన సొమ్ము వృద్ధ సైనికుడి భత్యంగా మారింది. దానం అని పేరుపెట్టుకున్న ప్రతి దానికీ మూలం ఎక్కడుందో చూడటం చరిత్రకారుడి మొదటి పని.

దండు ఈ ఊరికి ఒక ఆకారాన్ని కూడా ఇచ్చింది. ఒకపక్క వెడల్పాటి రోడ్లు, చెట్లు, కవాతు మైదానాలు, తోటల నడుమ బంగళాలు. మరోపక్క ఆ దండుకు కూరగాయలు, బట్టలు, మాంసం, కూలీలను సరఫరా చేసే బజార్లు, వాటి వెనుక ఇరుకు బస్తీలు. దొరల వినోదానికి 1878లో సికింద్రాబాదు క్లబ్బు వెలిసింది. బజారు మనిషికి అరుగే క్లబ్బు. దొరలు పోయి డెబ్భై ఏళ్ళు దాటింది గాని ఆ పటం పెద్దగా మారలేదు. ఇవాళ మేం నడిచే చెట్లనీడ చాలావరకు ఆ మొదటి భాగంలోనిది. ఆకుకూరల ఆమె ఉండేది రెండో భాగంలో. ఆమె ఇంటినుంచి మైదానానికి దూరం కిలోమీటరు లోపే. ఆ కిలోమీటరు మధ్య రెండు వందల ఏళ్ళున్నాయి.

దిక్కులేని వృద్ధులకు ఆనాటి సమాజం చూపిన మరో దారి ధర్మశాల. సరోజినీదేవి రోడ్డులో 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' సన్యాసినుల వృద్ధాశ్రమం ఉంది. ఆ సంస్థకు మూలమైన జాన్ జుగాన్ ఫ్రాన్సులో ఒక పేదరాలు. 1839 చలికాలంలో గుడ్డిదైన ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చి, తన మంచం ఆమెకిచ్చి తాను అటకమీద పడుకుంది. ఆ త్యాగాన్ని తక్కువ చేసే హక్కు మనకు లేదు. అయితే దానం ఒక మనిషికి మంచం ఇవ్వగలదు గాని, ముసలితనాన్ని హక్కుగా చేయలేదు. ఆ పని చేసింది శ్రామికులు.

లాలాగూడ కూత

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. దానితో ఈ ఊళ్ళోకి ఒక కొత్త మనిషి వచ్చాడు – కూతకు లేచి, కూతకు పనిలోకి దిగి, కూతకు ఇంటికి వచ్చే మనిషి. పొలంలో ముసలివాడు మెల్లగా పని తగ్గించుకుంటాడు. దుక్కి మానేసి కావలి కాస్తాడు, కావలి మానేసి మనవల్ని ఆడిస్తాడు. వర్క్‌షాపులో అలా ఉండదు. ఒక సాయంత్రం దాకా మనిషి పనివాడు, మర్నాటి ఉదయం ఏమీ కాడు. 'రిటైరు' అనే మాట మన ఇళ్ళల్లోకి ఇలా వచ్చింది.

మా నాన్న లాలాగూడలో ఫిట్టరు. 1938లో చేరి 1976లో దిగిపోయాడు. 1957లో రైల్వేలో పెన్షను పద్ధతి వచ్చింది. పాతవాళ్ళను ఎంచుకోమన్నారు – ప్రావిడెంటు ఫండులోనే ఉంటారా, పెన్షనులోకి మారతారా అని. ఇద్దరు కూతుళ్ళున్న మా నాన్న ఫండునే ఎంచుకున్నాడు. నెలనెలా వచ్చే చిల్లరకంటే ఒక్కసారి చేతిలో పడే ముద్ద నయమనుకున్నాడు. ఆ ముద్ద రెండు పెళ్ళిళ్ళకూ, సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇంటికీ సరిపోయింది. ఆయనకు మిగల్లేదు.

ఆ తర్వాత ఆయన అరుగుమీద కూర్చున్నాడు. ఉదయం కూత వినిపిస్తే లేచి నిలబడేవాడు. పని లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేవాడు. 1974 మే సమ్మెలో ఇల్లు మరచి తిరిగిన మనిషి, రెండేళ్ళు తిరగకుండానే వీధి చివరిదాకా వెళ్ళటం మానేశాడు. టీకొట్టు దగ్గరికి పోతే టీ తాగాలి. తాగితే డబ్బులడగాలి, కొడుకుని. ఆరేళ్ళకు పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. చదువు చెప్పుకు బతికిన నేను అప్పుడు ఆ మాటే నమ్మాను. ఇప్పుడు నాకనిపిస్తుంది – జేబులో రూపాయి లేని మనిషికి కాళ్ళుండీ నడక ఉండదు. అమ్మ ఎనభై నాలుగేళ్ళు బతికింది. ఆమెను మాత్రం ఎవరూ రిటైరు చేయలేదు.

నాన్న పోయిన ఏడాదే, 1982 డిసెంబరు 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షను యజమాని దయాదాక్షిణ్యం కాదని, చేసిన సేవకు ఆలస్యంగా అందే ప్రతిఫలమని, సామాజిక న్యాయ సాధనమని ఆ తీర్పు సారాంశం. ఏటా పెన్షనర్లు ఆ తేదీని పండుగగా జరుపుకుంటారు. కాని ఫండు ఎంచుకున్న రైల్వే కార్మికులు తమకూ ఆ న్యాయం కావాలని వెళితే, 1990లో కృష్ణకుమార్ కేసులో అదే న్యాయస్థానం ఒప్పుకోలేదు. 1957లో ఒక కాగితంమీద పెట్టిన టిక్కు మనిషి ముసలితనాన్ని శాశ్వతంగా నిర్ణయించింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఒక్క దెబ్బతో సుమారు 18 వేలమంది ప్రభుత్వోద్యోగులు ఇంటిదారి పట్టారు. నిరుద్యోగ యువకులకు చోటివ్వాలన్నది చెప్పిన కారణం. నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. 'వాళ్ళు పోతే మనకు ప్రమోషన్లు వస్తాయి' అని స్టాఫ్‌రూములో గుసగుసలు పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా హెడ్మాస్టరు తన కుర్చీమీది తుండుగుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళటం నా కళ్ళముందే జరిగింది. 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. వయసు మళ్ళీ 58కి పెరిగింది గాని, యువకుడికీ వృద్ధుడికీ ఒకే రొట్టెముక్క చూపించి తగవు పెట్టటం ఎంత తేలికో ఆ ఏడాది నేర్పింది. ఆ 58 ఏళ్ళకే 2009లో నేను దిగిపోయాను. పెన్షనుతో దిగిపోయాను కాబట్టే మర్నాడు బూట్లు కొనుక్కున్నాను.

శాస్త్రం చెప్పింది, చెప్పనిది

వృద్ధులు కదులుతూ ఉండాలన్న మాటలో అబద్ధం లేదు. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సు కార్మికులను పరిశీలించారు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ సగటు వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాలి కండరాలకు బరువుల వ్యాయామం చేయించారు. వాళ్ళ కాలిబలం రెట్టింపు దాటి పెరిగింది. ముసలితనంలో పోయిన బలం తిరిగిరాదన్న మూఢనమ్మకానికి అది పెద్ద దెబ్బ. 1995 మార్చిలో ముంబయి పార్కులో మదన్ కటారియా అనే డాక్టరు అయిదుగురితో ప్రారంభించిన నవ్వుల క్లబ్బు మా మైదానం దాకా వచ్చింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'చురుకైన వృద్ధాప్యం' అనే విధాన పత్రం ప్రకటించింది. వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, దానితోపాటు మూడు రోజులు బలానికీ, పడిపోకుండా నిలదొక్కుకోవటానికీ వ్యాయామం అవసరమని 2020లో అదే సంస్థ చెప్పింది.

ఇదంతా సత్యమే. కాని ఏ సత్యం ఏ కాలంలో ఎక్కువగా వినిపిస్తుందో కూడా గమనించాలి. వృద్ధులను చురుగ్గా ఉండమని పాలకులు గట్టిగా చెప్పటం మొదలుపెట్టిన రోజుల్లోనే, 2004 జనవరి 1 నుంచి కేంద్రంలో కొత్తగా చేరిన ఉద్యోగులకు పాత పెన్షను తీసేశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలోనూ తీసేశారు. ఒకటి రెండోదానికి కారణమని నేననను. కాని రెండూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి – నీ ముసలితనం ఇక నీ బాధ్యత.

ఫ్యాక్టరీ కార్మికుల సంగతి మరీ అన్యాయం. 1942లో పుట్టిన ఆల్విన్, 1943లో కవాడిగూడలో పుట్టిన ప్రాగా టూల్స్ ఈ జంటనగరాలకు యంత్రజ్ఞానం నేర్పాయి. 1990లనుంచి ఒక్కొక్కటే చేతులు మారి, చితికి, మూతబడ్డాయి. అలాంటి కార్మికుల కోసమని 1995 నవంబరులో వచ్చిన పెన్షను పథకంలో కనీస మొత్తం నెలకు వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. పదేళ్ళు గడిచాక కూడా అది వెయ్యే. వెయ్యి రూపాయలతో బతికే మిల్లింగు పనివాడికి రోజుకు పదివేల అడుగులు నడవమని సలహా ఇవ్వటం సులభం.

ఆకుకూరల ఆమెకు ఆ వెయ్యి కూడా లేదు. నిరుపేద వృద్ధులకు కేంద్రం వృద్ధాప్య పెన్షను మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. నెలకు 75 రూపాయలు. తర్వాత అది 200 అయింది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పేరుతో వెయ్యి, 2019లో 2,016 రూపాయలు అయింది. ఇది చిన్న విషయం కాదు. బస్తీల్లో ముసలివాళ్ళ పళ్ళెంలోకి అన్నం వచ్చింది ఆ డబ్బుతోనే. కాని అన్నం వచ్చింది గాని విశ్రాంతి రాలేదు. ఆమె బుట్ట దించలేదు.

ఆమె అన్న మాటకు శాస్త్రంలో ఆధారం ఉందా అని వెతికాను. ఉంది. కోపెన్‌హేగన్‌లో లక్షమందికి పైగా స్త్రీ పురుషులను పరిశీలించి 2021లో హోల్టర్‌మన్, ఆయన సహచరులు ఒక పత్రం ప్రచురించారు. తీరికవేళ చేసే శ్రమ ఎక్కువైనకొద్దీ గుండెజబ్బులూ, మరణాలూ తగ్గాయి. ఉద్యోగంలో చేసే బరువుపని ఎక్కువైనకొద్దీ అవి పెరిగాయి. మరి మోరిస్ కండక్టర్ల మాట? నాకు తోచిన సమాధానం ఇది: కండక్టరు నెత్తిన బరువు లేదు, అతనికి షిఫ్టు ఉంది, ఆ షిఫ్టుకు ముగింపు ఉంది, వారానికి సెలవుంది. శ్రమ మనిషిని బాగుచేయాలంటే దాని పక్కన విశ్రాంతి ఉండాలి. 'మీరు నడిచి పాణం బాగు చేసుకుంటున్నరు, నేను అరగదీసుకుంటున్న' అన్నదాన్ని కోపెన్‌హేగన్ పండితులు పట్టికలు వేసి చెప్పారు. మా వీధిలో ఆమె బుట్ట దించి చెప్పింది.

మైదానంలో తగవు

ఈ విషయాలు మా బృందం ముందు పెట్టాను. పెద్ద తగవే అయింది. మా దగ్గర చందాల సొమ్ము కొంత ఉంది. మైదానంలో పాలరాతి బెంచీలు వేయించి, దాతల పేర్లు చెక్కించాలని అప్పటికే నిర్ణయమైంది. ఆ సొమ్ముతో బస్తీ కమ్యూనిటీ హాలులో వారానికి రెండు సాయంత్రాలు కూర్చునే చోటు ఏర్పాటు చేద్దామన్నాను. 'రాజకీయాలు తెస్తున్నారు' అని ఒకరు లేచిపోయారు. 'వాళ్ళు రారు, మనమెందుకు పోవాలి' అని మరొకరు. రైల్వేలో నర్సుగా చేసి దిగిపోయిన ఒక సభ్యురాలు మాత్రం, 'వాళ్ళు రాని వేళకు మనం పిలుస్తున్నాం, వాళ్ళకు వీలైన వేళ అడిగామా?' అంది. తీర్మానం రెండు ఓట్లతో నెగ్గింది.

ఇరవై కుర్చీలు, ఒక రక్తపోటు యంత్రం, మంచినీళ్ళు. ఇంతే మా కార్యక్రమం. మొదటి సాయంత్రం వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు. ఎవరూ వ్యాయామం మాట ఎత్తలేదు. మూడోవారం ఎవరో మోకాళ్ళ నొప్పి గురించి అడిగితే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవటం, గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం నర్సమ్మ చూపించింది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో చక్కెర పరీక్ష ఉచితమని అక్కడే చాలామందికి తెలిసింది. 2017లో హైదరాబాదులో పుట్టి తర్వాత దేశమంతా పాకిన 14567 అనే వృద్ధుల సహాయ ఫోను నంబరు గోడమీద పెద్ద అంకెల్లో రాశాం.

రెండో నెలలో ఆకుకూరల ఆమె రాలేదు. కనుక్కుంటే పెన్షను ఆగిపోయిందని తెలిసింది. వేలిముద్ర యంత్రం ఆమె వేళ్ళను గుర్తించటం లేదు. కట్టలు కట్టి కట్టి, తడి గోనెలు పిండి పిండి, వేళ్ళమీది గీతలు అరిగిపోయాయి. కార్యాలయానికి మూడుసార్లు తిరిగిందట. నేను నవంబరులో బతికున్నానని నిరూపించుకోవటానికి ఇంట్లో కూర్చుని ఫోనుకు మొహం చూపిస్తే చాలు. జీవితమంతా చేతులతో బతికిన మనిషిని ఆ చేతులే బతికిలేదని చెబుతున్నాయి! మా బృందంలో బ్యాంకులో చేసి దిగిపోయినాయన ఆమెతో వెళ్ళి, వేరే పద్ధతిలో గుర్తింపు జరిగేదాకా అక్కడే కూర్చున్నాడు. రెండు నెలల డబ్బు కలిపి వచ్చింది. బెంచీలు కావాలని ఓటువేసినవాళ్ళలో ఆయన ఒకడు. తిరిగొచ్చి, 'మాస్టారూ, ఇదే అసలు వ్యాయామం' అన్నాడు.

దీన్ని పెద్ద విజయంగా చెప్పటం లేదు. ఇరవై కుర్చీలు ఒక బస్తీకే చాలవు. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్లకు పైన ఉన్నారు. వాళ్ళలో పెన్షను మీద బూట్లు కొనుక్కున్న నాలాంటివాళ్ళు కొద్దిమంది. వృద్ధుల ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్ళు పార్కులతోపాటు పెన్షను మాట, నడకతోపాటు బరువు దించుకునే మాట, మైదానంతోపాటు బస్తీలో నీడ మాట కూడా ఎత్తాలి. లేకపోతే మన నవ్వుల క్లబ్బు కూడా 1878 క్లబ్బుకు చిన్న తమ్ముడే అవుతుంది.

మా నాన్న కూతకు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్న అరుగు ఇంకా ఉంది. ఆకుకూరల ఆమె ఇప్పుడు రోజుకు నాలుగు బస్తీలకు బదులు రెండే తిరుగుతోంది. మిగతా రెండు కోడలు చూసుకుంటోంది. బుధవారం సాయంత్రం హాలుకు వచ్చి, అందరికంటే ముందు, గోడవారన ఉన్న కుర్చీలో కూర్చుంటుంది. మొన్న నేను కాస్త ఆలస్యంగా వెళితే పక్క కుర్చీమీది సంచీ తీసి, "కూసోన్రి సారూ, పొద్దటిసంది నడుస్తనే ఉన్నరు" అంది.